గడప మొక్కు

"అత్తా, పక్కకు జరుగు. కారు వచ్చి నిలబడింది."

"నిలబడనీ."

"డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టినాడు."

"వాని కారు, వాని హారను. కొట్టుకోనీ."

రామసుబ్బమ్మ గడప మీద నిలబడింది. ఒక చేయి ద్వారబంధం ఈ పక్క, ఇంకో చేయి ఆ పక్క. మనిషి చూస్తే చింతబరికెంత సన్నం. అయినా ఆ పొద్దు ఆమెను దాటుకుని వీధిలోకి పోవాలంటే జేసీబీ పిలిపించుకోవాల్సిందే.

లోపల మంచం మీద ఆమె భర్త ఓబుళేశు కూర్చుని ఉన్నాడు. కోడలు తొడిగించిన తెల్లచొక్కా, ఒళ్ళో ఆసుపత్రి సంచి. గుండెపోటు రాకముందు ఆయన గొంతు విప్పితే బత్తాయి చెట్ల చీనీతోట అవతలి గట్టున ఉన్న కూలీలు తలలెత్తి చూసేవాళ్ళు. ఇప్పుడు తన గురించే ఇంత రచ్చ జరుగుతున్నా, పరాయి ఇంటి పంచాయతీకి వచ్చి కూర్చున్నవాడిలా చూస్తున్నాడు.

"పెద్ద డాక్టరు చెప్పింది నువ్వు గూడా విన్నావు గదత్తా," కోడలు అరుణజ్యోతి గొంతు తగ్గించింది. "గుండెలో స్టెంటు ఏసినంత మాత్రాన అయిపోలేదు, కడపకు నడక క్లాసులకు తోలుకోని రావాల అన్యాడా లేదా? ఆ క్లాసుల్లో దగ్గరుండి నడిపిస్తారు, గుండెను మళ్ళా పనికి అలవాటు చేస్తారు. ఇన్ని వారాలాయె, ఒక్కపొద్దన్నా పోయినామా?"

"కల్యాణం అయిపోనీ. ఆ మరుసటి దినమే తోలుకోని పో. నేనేమన్నా వద్దంటినా?"

"కల్యాణానికి నడిపించుకోని పోతాననే గదా నువ్వంటాండేది! కమలాపురం నుంచి ఒంటిమిట్టకు! రెండు దినాల నడక! గడప దిగని మనిషిని ఒకేసారి ఈ ఎండల్లో అంతదూరం..."

"నడిపించేది నేను కాదు. రాముడు."

దేవుడిని అడ్డం పెట్టుకున్న మనిషితో ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు?

శివరాత్రికి ముందు, కడప ఆసుపత్రి వరండాలో డాక్టరు "ఇప్పుడే ఏమీ చెప్పలేను" అని లోపలికి పోయిన క్షణాన రామసుబ్బమ్మ తన చీర కొంగు చింపి, పసుపు పూసి, అందులో ఒక రూపాయి బిళ్ళ ముడేసింది. ఒంటిమిట్ట రాముడికి మొక్కుకుంది. ఈ మనిషిని బతికించి పంపు స్వామీ, పున్నమి కల్యాణానికి నీ దగ్గరికి నడిపించుకుని వస్తాను, ఈయన బయట వేసే మొదటి అడుగు నీ దోవలోనే పడుతుంది, అంతవరకూ గడప దాటనివ్వను అంది. గడప మొక్కు అంటారు దాన్ని ఆమె పుట్టింటి వాళ్ళు. ఒకసారి దోవ పట్టాక దర్శనం కాకుండా ఇంట్లోకి తిరిగి రాకూడదన్నది అందులో కట్టుబాటు. గంట తిరక్కుండా డాక్టరు బయటికి వచ్చి, గండం గడిచింది అన్నాడు. స్టెంట్ వేసిన డాక్టరుకు ఆమె చేతులు జోడించి దండం పెట్టింది గానీ, బతికించింది ఎవరో ఆమెకు తెలుసు. ఆ ముడుపు ఇప్పుడు ఆమె తలపైన, గుమ్మానికి వేలాడుతోంది.

"మా నాయన పాము కరిచి బతికినప్పుడు మాయమ్మ ఇదే మొక్కు మొక్కింది. ఒంటిమిట్టకు నడిచి వచ్చినాక ముప్పై ఏండ్లు బతికినాడు. నీకు తెలీదా? నీ జేజినాయనే గదా!"

అరుణజ్యోతి ఆమెకు కోడలే కాదు, సొంత తమ్ముడి కూతురు. ఈ ఇంట్లో ఆ పిల్లకు అంత నోరుందంటే అందుకే.

"జేజినాయనకు కరిచింది పాము అత్తా. విషం దిగిపోతే మనిషి ఎప్పటిమాదిరే. మామకు వచ్చింది గుండెపోటు. రెండిటికీ ఒకటే మందా?"

"మందుకు తేడా ఉంటాది. మొక్కుకు ఉండదు."

అరుణజ్యోతి ఫోన్ తీసి స్పీకర్లో పెట్టింది. ఆమె మొగుడు భూపేష్ చీనీకాయల లోడు వెంట అనంతపురం మార్కెట్లో ఉన్నాడు. అటు వైపు హమాలీల అరుపులు, లారీల మోతలు.

"చెప్పు మీయమ్మకు. నువ్వే చెప్పు."

"జ్యోతీ... ఈ వారం గడవనీలే. అమ్మ మాట యాల కాదనడం. మళ్ళీ ఏదన్నా జరిగితే మొక్కు తీర్చకపోబట్టే అనుకుంటాది," అన్నాడు భూపేష్.

"అంటే ఏదన్నా జరుగుతాదని నీకు గూడా తెలుసు!"

"ఈడ వేలం మొదలైతాండాది. మళ్ళీ చేస్తా," అని పెట్టేశాడు. కష్టం వచ్చినప్పుడల్లా ఆ అబ్బాయికి ఎక్కడో ఒకచోట వేలం మొదలవుతూ ఉంటుంది.

కారు వెనక్కి తిరిగి పోయింది. అరుణజ్యోతి మామ ఒళ్ళోని సంచి తీసి మేకుకు తగిలించి, అత్త వైపు తిరిగింది.

"నువ్వు చేస్తాండేది మొక్కు కాదత్తా."

"మరేంది? చెప్పు. నోటికొచ్చింది మింగొద్దు, చెప్పు!"

అరుణజ్యోతి వంటింట్లోకి పోయి కుళాయి విప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

*

మధ్యాహ్నం రామసుబ్బమ్మ భర్తకు స్నానం చేయించింది. బాలింతను చూసుకున్నట్టు చూసుకుంటోంది ఆయనను. చల్లగాలి తగలనివ్వదు, చెంబు ఎత్తనివ్వదు. చెయ్యి పైకెత్తితే గుండెలో వేసిన స్ప్రింగు జారిపోతుందని వీధిలో ఎవరో చెప్పారు. అప్పటినుంచి చొక్కా గుండీలు కూడా తానే పెడుతోంది. ఇంత చేస్తున్నా మనిషి కోలుకోవడం లేదేమిటని ఎన్నడూ అనుకోలేదా అంటే, అనుకుంది. అనుకున్నప్పుడల్లా ముడుపు వైపు చూసి చెంపలు వేసుకుంది.

స్నానాల గది నుంచి మంచం దాకా ఎంతో దూరం లేదు. ఆ కాస్తకే ఓబుళేశు రొప్పుతున్నాడు. మంచం పట్టెను పట్టుకుని, నోరు తెరిచి, కళ్ళు నేలకు దించి నిలబడ్డాడు.

"వేడినీళ్ళు ఎక్కువైనట్లుండాది," అంది ఆమె.

ఆయన తల ఊపాడు. వేడినీళ్ళు కాదని ఇద్దరికీ తెలుసు. ఆమె తుండుగుడ్డతో ఆయన పాదాలు తుడిచింది. వేలు నొక్కిన చోట చర్మం గుంట పడి, పైకి లేవడానికి సమయం తీసుకుంది. ఆమె తొందరగా పంచె కిందికి లాగేసింది.

ఉప్పు తగ్గించిన పప్పు, మెత్తటి సంగటి ముద్ద ముందు పెట్టింది. నాలుగు ముద్దలు తిని ఆయన పళ్ళెం పక్కకు జరిపాడు.

"మే, పైతోట డ్రిప్పుకు రెండు వాల్వులుండాయి. ఎడమపక్కది ముందు తిప్పాల. కుడిపక్కది ముందు తిప్పితే పైపు పగుల్తాది. భూపేషుకు ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండదు. నువ్వు గుర్తు పెట్టుకో."

"నాకు యాల ఈ పనులన్నీ? కల్యాణం అయినాక నువ్వే పోయి తిప్పుదువులే."

ఆయన నీళ్ళు తాగి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఈ మధ్య ఇలాంటివి ఎక్కువయ్యాయి. పోయిన వారం ఆయన తన అక్క లక్ష్మక్కను పిలిపించుకున్నాడు. పొలం గట్టు తగాదాతో ఆ తోడబుట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుపడితే తలలు తిప్పుకున్నవాళ్ళు. "గట్టు నీదే, తీసుకో అక్కా" అన్నాడు. లక్ష్మక్క భోరుమని ఏడ్చింది. జబ్బు మనిషిని మెత్తబరిచిందని రామసుబ్బమ్మ సంతోషపడి, ఆ రోజు పాయసం చేసింది.

ఈ రోజు ఆ వాల్వుల మాట విన్నాక ఆ పాయసం చేయకుండా ఉండాల్సింది అనిపించింది ఆమెకు. ఎందుకో మాత్రం తెలియలేదు.

*

ఎండ కొంచెం వాలాక ఇంటి ముందు ఒక మోటారు సైకిల్ ఆగింది. దిగినాయన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, "ఓబుళేశప్ప ఇల్లు ఇదేనామ్మా?" అన్నాడు.

నెహెమ్యా. కడప ఆసుపత్రిలో గుండె జబ్బు వాళ్ళను నడిపించే ఫిజియోథెరపీ ఆయన. డిశ్చార్జి రోజు అందరి ముందూ ఓబుళేశు భుజం మీద చెయ్యి వేసి, "సోమవారం కలుస్తాం మనం" అన్నది ఈయనే. ఆ సోమవారం ఇంతవరకూ రాలేదు.

రామసుబ్బమ్మ కోడలి వైపు చూసింది. అరుణజ్యోతి తల తిప్పుకోలేదు. "నేనే రమ్మన్యా. మనం గడప దాటకూడదు గానీ, ఆయప్ప లోపలికి రావచ్చు గదా!"

ఇంటికి వచ్చిన మనిషిని నిలబెట్టి మాట్లాడటం రామసుబ్బమ్మకు చేతకాదు. కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. ఇచ్చాక మాత్రం తగులుకుంది.

"మీరు చర్చికి పోయేవాళ్ళు. మా మొక్కులు మీకు యాడ తెలుస్తాయి సారూ!"

"మా యింట్లోనూ ఉపవాసాలు, మొక్కుబడులు ఉండాయమ్మా. తప్పితే మాయమ్మ నన్నూ ఊరుకోదు," నెహెమ్యా నవ్వాడు. "మొక్కు తీసెయ్యమని చెప్పేదానికి నేను రాలేదు. ఆ మొక్కు తీర్చేదానికి ఈ మనిషి కాళ్ళల్లో, గుండెలో బలం ఉందా లేదా చూద్దామని వచ్చినా. అంతే."

"నడిస్తే లోపల స్ప్రింగు జారదా?"

"జారదమ్మా. నరం లోపల గట్టిగా కరుచుకోని ఉంటాది. చెయ్యి ఎత్తితేనో, నడిస్తేనో జారేది కాదు. అసలు కదలకుండా పండబెడితేనే మనిషి చెడేది." ఆయన ఓబుళేశు వైపు తిరిగాడు. "గడప దాటొద్దు. ఈ గదిలో నుంచి వెనక వసారా దాకా పోయి వద్దాం. మెల్లగా. నాతో మాట్లాడుతా నడవాల. మాట తెగితే ఆడనే నిలబడాల. తెలిసిందా అప్పా?"

ఓబుళేశు భార్య వైపు చూశాడు. గడప లోపలే కాబట్టి ఆమె ఏమీ అనలేకపోయింది.

నెహెమ్యా ఆయన నాడి పట్టి చూసి, వేలికి చిన్న క్లిప్పు లాంటిది తగిలించాడు. నడక మొదలుపెట్టారు.

"మీ తోట గురించి చెప్పండి. ఎన్ని చెట్లుండాయి?"

"శానా ఉండాయి. మా నాయన పెట్టినవి పోగా... నేను పెట్టినవి ఎగువ పక్క. బోరు వేసినప్పుడు నీళ్ళు... ఎగజిమ్మినాయి. ఊరంతా వచ్చి చూసి..."

వసారా చేరేసరికి మాటల మధ్య సందులు పెరిగాయి. తిరిగి వస్తూ, "ఆ యేడు కాయ... కాయ..." అన్నాడు. కాయ ఏమైందో చెప్పలేదు. చెప్పడానికి ఊపిరి లేదు. వంటింటి గోడ పట్టుకుని ఆగిపోయాడు. నుదుటి మీద చెమట పోసింది.

నెహెమ్యా కుర్చీ లాగి కూర్చోబెట్టి, క్లిప్పు చూస్తూ ఓపిగ్గా పక్కనే నిలబడ్డాడు. "భయం లేదు. నిదానంగా ఊపిరి వదలండి. అంతే, అంతే."

ఓబుళేశు రొప్పడం రామసుబ్బమ్మకు కొత్త కాదు, రోజూ చూస్తున్నదే. కానీ రోజూ ఇద్దరూ మాట్లాడుకోకుండా ఆ రొప్పును దాటేస్తున్నారు. ఎలుగెత్తి మాట్లాడే మనిషి తన తోట గురించి ఒక్క వాక్యం పూర్తి చేయలేకపోవడం ఈ రోజే విన్నది. వంటింటి గోడ దగ్గర ఆగిపోయిన మనిషి ఒంటిమిట్టకు ఎలా నడుస్తాడు? ఆ ప్రశ్న ఇన్నాళ్ళూ ఆమె వేసుకోలేదంటే, వేసుకోవడానికి భయపడి కాదు. రాముడు చూసుకుంటాడని గట్టిగా నమ్మింది పిచ్చిది.

నెహెమ్యా ఆమె దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఉన్నమాట చెప్తా. కాళ్ళ వాపు రేపే డాక్టరుకు చూపించాల. మిగతాది శానావరకు ఇన్నాళ్ళు కదలకుండా ఉన్నందుకు వచ్చిన ఆయాసం. ఇట్లా వచ్చినోళ్ళు మా దగ్గర శానామంది ఉండారు. గుండె ఎట్లా కొట్టుకుంటాండాదో టీవీలో చూస్తా, ఆ పొద్దుకు యంత నడవచ్చో అంతే నడిపిస్తాం. ఎక్కువైతే మేమే ఆపుతాం. దినదినానికి కొంచెం పెంచుతాం. ఉప్పు, మందులు, మనసులో ఉండే దిగులు, అన్నీ మాట్లాడతాం. వచ్చే కల్యాణానికి ఈయప్పను ఒంటిమిట్టకు నేనే సాగనంపుతా. ఈ కల్యాణానికి మాత్రం..."

"ఈ కల్యాణానికి?"

"ఈ ఎండల్లో, ఈ స్థితిలో పంపొద్దమ్మా. దండం పెట్టి చెప్తాండా."

పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "రేపు పొద్దున్నే రండి. మీ కోసం చూస్తా ఉంటా," అన్నాడు.

*

దీపం పెట్టే వేళయింది. రామసుబ్బమ్మ వత్తి వెలిగించి పటం ముందు కూర్చుంది గానీ, పెదవులు కదలలేదు. మాట తప్పితే దేవుడు ఏం చేస్తాడోనని భయం, తప్పకపోతే ఈయన ఏమవుతాడోనని భయం. రెండూ చెరోవైపు లాగుతుంటే మధ్యలో ఆమె నలిగిపోతోంది.

కడకు ఆమె రాముడితో ఇట్లా అంది. "మొక్కింది నేను. బుద్ధి తక్కువై ఇచ్చిన మాటను వెనక్కి తీసుకుంటాండేది నేను. శిక్ష ఉంటే నాకెయ్యి. ఆ మనిషి జోలికి పోవద్దు."

లేచి భర్త మంచం దగ్గరికి పోయింది.

"రేపు పొద్దున కారుకు చెప్పమంటా జ్యోతికి. కడపకు పోదాము."

ఓబుళేశు తల తిప్పి ఆమెను చాలాసేపు చూశాడు. "నీ మొక్కు?"

"నా మొక్కు సంగతి నేను చూసుకుంటా."

"వద్దులే."

"వద్దు అంటే?"

"నేను పోను, మే. నడక క్లాసు వద్దు, ఏం వద్దు."

రామసుబ్బమ్మకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. ఇన్నాళ్ళూ తానే అడ్డమనుకుంది. కోడలూ అదే అనుకుంది. వీధి వీధంతా అదే అనుకుంది. అడ్డం తీసేస్తే అవతల ఇంకో గోడ ఉంది.

"యాల పోవు? చెప్పు, యాల?"

ఆయన పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు. "ఆసుపత్రిలో నా పక్క మంచం సోమన్న గుర్తుండాడా? కర్నూలు పక్క కోడుమూరాయప్ప. కూతురింటికి వచ్చి ఈడ జబ్బున పడినాడు. డబ్బులను దుడ్లు, దుడ్లు అంటాంటే నేను ఎగతాళి చేస్తాంటి."

"ఆయన పోయినాడు గదా పాపం."

"యట్ల పోయినాడో నీకు తెలీదు. నువ్వు అప్పుడు బయట ఉండావు. నర్సమ్మ లేపి నిలబెట్టింది. చెయ్యి పట్టుకోని రెండు అడుగులు వేసినాడు. నా వైపు చూసి నవ్వి, చూడప్పా నేను పెండ్లికొడుకు మాదిరి నడుస్తాండా అన్యాడు. ఆ నవ్వు అట్లే ఉండంగానే పడిపోయినాడు."

"ఆయనకు ఇంగేం జబ్బు ఉన్యాదో నీకేం తెలుసు?"

"నాకేం తెలీదు. పడింది మాత్రం చూసినా." ఆయన గొంతు వణికింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ గొంతు వణకడం ఆమె వినలేదు. "మంచం దిగితే ఆయప్ప నవ్వే కనపడతాది. ఇంటికి వచ్చినాక నువ్వు గడప దాటొద్దు అన్యావు. యంత నెమ్మది అనిపించిందో! అందరూ నీ మీద పడి అరుస్తాండారు. నేను నీ చాటున దాక్కున్యా."

ఇప్పుడు అన్నీ ఒక్కొక్కటిగా వచ్చి ఆమె ముందు నిలబడ్డాయి. వాల్వులు, గట్టు, నీళ్ళు తాగి గోడ వైపు తిరిగి పడుకున్న తీరు.

"మరి ఒంటిమిట్టకు యట్ల నడుద్దామనుకున్యావు?" అని అడిగింది. అడగకపోయినా బాగుండేది.

"చేరుకుంటాననుకోలే," అన్నాడు ఆయన నెమ్మదిగా. "ఎట్లా పోయేదే. ఆసుపత్రిలో ఆ తీగల మధ్య, తెలియనోళ్ళ మధ్య పోయేదాని కన్నా రాముని దోవలో పోతే మేలు గదా. నీకు గూడా, మొక్కు తీర్చినావనే తృప్తి ఉంటాది."

రామసుబ్బమ్మకు కన్నీళ్ళు రాలేదు. కోపం వచ్చింది. అరికాలి నుంచి నెత్తి దాకా కోపం.

"నువ్వు బతకాలని నేను మొక్కుకుంటి! నీ సావుకు వాడుకుంటాండావా నా మొక్కును?"

వంటింట్లో నుంచి అరుణజ్యోతి పరుగెత్తుకుని వచ్చింది. మామ మొహం, అత్త మొహం చూసి అక్కడే ఆగిపోయింది. ఓబుళేశు లేచి కూర్చున్నాడు.

అప్పుడే వీధిలో భజన తాళాల చప్పుడు వినిపించింది.

*

"రామసుబ్బమ్మా! ఏమ్మా, ఇంట్లో ఉండారా?"

తిమ్మయ్య. భజన గుంపుకు పెద్ద. ఏటా ఒంటిమిట్టకు నడిచే వాళ్ళను కూడగట్టేది ఆయనే. వెనకాల తాళాలు పట్టుకుని నలుగురైదుగురు, వాళ్ళ వెనకాల వీధిలోని ఆడవాళ్ళు.

"ఎండలు మండిపోతాండాయి గదా. అందుకని ఒక దినం ముందుగానే బయలుదేరుతాండాం. తెల్లారకముందే. ఈ పొద్దుకు అందరం భజన గుడిలో పండుకుంటాం. ఓబుళేశప్పను సిద్ధం చేస్తావా?"

రామసుబ్బమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఆయన రాడు తిమ్మయ్యన్నా. నేను వస్తా. మొక్కింది నేను, నడిచేది నేను."

"అట్లంటే యట్లమ్మా? మొక్కు ఆయప్ప నడుస్తాడని గదా?"

"రాడంటే రాడు. ఆయన రేపు కడప ఆసుపత్రికి..."

"వస్తాండా."

వెనక నుంచి వచ్చింది ఆ మాట. ఆమె తిరిగి చూసేలోపల ఓబుళేశు ఆమె పక్కగా వచ్చేశాడు. గోడ పట్టుకోలేదు. నిటారుగా నిలబడి, ఇన్ని వారాలుగా దాటని గడపను దాటి వీధిలోకి దిగాడు.

తాళాలు గలగలలాడాయి. "జై శ్రీరామ్" అని వీధంతా ఒక్క కేక వేసింది. ఎవరో బిందెతో నీళ్ళు తెచ్చి ఆయన పాదాల మీద పోశారు. ఎవరో ఆ తడి నేలను తాకి కళ్ళకద్దుకున్నారు. చచ్చి బతికిన మనిషి లేచి నడుస్తుంటే చూడటానికి రెండు కళ్ళూ చాలడం లేదు వాళ్ళకు. రామసుబ్బమ్మ చేతులు పట్టుకుని, "నీ మొక్కు ఫలించింది తల్లీ" అని ఏడ్చింది ఎదురింటావిడ.

ఆమె చేతులు విడిపించుకుంది. "లోపలికి రా," అంది భర్తతో. ఎవరికీ వినపడకుండా, బతిమాలుకుంటున్నట్టు. "నీ కాళ్ళు పట్టుకుంటా. లోపలికి రా."

"దోవ పట్టినోడు దర్శనం కాకుండా ఇంట్లోకి తిరిగి రాకూడదు గదా," అన్నాడు ఓబుళేశు. ఆయన కళ్ళల్లో భయం ఉంది. వీధిలో అంతమంది ఉండగా అది కనిపించింది ఆమె ఒక్కదానికే. "మీ వాళ్ళు పెట్టుకున్న కట్టే మే ఇది."

తిమ్మయ్య ఆయన భుజం మీద కాషాయపు కండువా వేసి, చెయ్యి పట్టుకుని ముందుకు కదిలాడు. భజన అందుకున్నారు. గుంపు వీధి మలుపు వైపు సాగింది.

"జ్యోతీ, ఆ నెహెమ్యా సారుకు ఫోను చెయ్!"

అరుణజ్యోతి అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉంది. "మోగుతాండాది. ఏమని చెప్పాలత్తా?"

రామసుబ్బమ్మ జవాబు వెతుక్కుంటుండగానే మలుపు దగ్గర భజన తెగిపోయింది. ముందు ఒక తాళం ఆగింది, తర్వాత మిగతావి. గుంపు గుండ్రంగా మూగుతోంది. మనుషుల సందుల్లో నుంచి ఎవరిదో అరుగు, అరుగు మీద తెల్లచొక్కా కనిపించాయి. ఆయన అలిసి కూర్చున్నాడో, కూలబడ్డాడో ఇక్కడి నుంచి తెలియడం లేదు.

ఆమె చెప్పులు లేకుండానే గడప దిగి పరుగెత్తింది.

"ఏమప్పా ఓబుళేశూ? ఏమప్పా?" అంటున్నాడు తిమ్మయ్య. మళ్ళీ అదే మాట అన్నాడు. మూడోసారి ఇంకా గట్టిగా అన్నాడు.